రేంజ్ అంటే గెటప్పులు కాదు తమ్ముడూ, ఎదుటోడు మాట్లాడేటప్పుడు మొహం చూడు

తమ్ముడు అడిగింది ఇదీ: రెండు వీకెండ్లలో కోర్ట్, నైంటీస్ సిరీస్, భ్రమయుగం చూశాడంట, మధ్యలో జెర్సీ మళ్ళీ పెట్టుకున్నాడంట, రూమ్‌మేట్ ఏమో మనోళ్ళకి రేంజ్ లేదురా మలయాళం వాళ్ళని చూసి నేర్చుకోవాలి అని తగులుకున్నాడంట. అసలు యాక్టర్ రేంజ్ అంటే ఏంటి, మనలాంటి మామూలు ప్రేక్షకుడు దాన్నెట్లా పట్టుకోవాలి, జెర్సీ హీరో నాని సంగతేంటి అని.

నేను క్రిటిక్‌ని కాదు, ముందే చెప్తున్నా. యూసుఫ్‌గూడ వైపు ఒక చిన్న డబ్బింగ్ థియేటర్‌లో సౌండ్ ఇంజనీర్‌ని, కన్సోల్ ముందు కూర్చోవడం మొదలుపెట్టి 19 ఏళ్ళయింది. పెద్ద సినిమాలు తక్కువ, చిన్న సినిమాలు, సీరియళ్ళు, వేరే భాషల నుంచి వచ్చేవి ఎక్కువ. అందుకని నా కొలత కొంచెం వంకరగా ఉండొచ్చు, నచ్చకపోతే వదిలెయ్.

మా పని ఎట్లుంటదంటే సీన్‌ని చిన్న చిన్న బిట్లు చేసి స్క్రీన్ మీద తిప్పుతాం, ఆర్టిస్ట్ మైక్ ముందు నిలబడి పెదాల కదలికకి మాట కలిసేదాకా చెప్తూనే ఉంటాడు. అదే బిట్ పదిసార్లు, ఇరవైసార్లు, ఒక్కోసారి టీ చల్లారిపోయేదాకా. ఆర్టిస్ట్ కళ్ళు తన పెదాల మీదే ఉంటాయి పాపం. నా కళ్ళు మాత్రం కాసేపటికి ఫ్రేమ్‌లో నోరు మూసుకుని నిలబడ్డోడి మీదికి పోతాయి, మాట్లాడేవాణ్ణి ఎన్నిసార్లని చూస్తాం చెప్పు. అట్లా చూసీ చూసీ నాకు పట్టుబడ్డది ఒక్కటే: డైలాగ్ చెప్పడం చాలామందికి వచ్చు, వినడం కొందరికే వచ్చు. తండ్రి తిడుతుంటే వినడం వేరు, అప్పులోడు ఇంటి గుమ్మంలో నిలబడి అడుగుతుంటే వినడం వేరు, తను ఇష్టపడ్డ అమ్మాయి ఇంకొకడి గురించి సంబరంగా చెప్తుంటే వినడం వేరు. విగ్గు మార్చకుండా, యాస మార్చకుండా అదే మొహం ఎన్ని రకాలుగా వినగలదో అదీ నా లెక్కలో రేంజ్. మిగతాదంతా మేకప్‌మేన్ రేంజ్, కాస్ట్యూమ్స్ వాళ్ళ రేంజ్.

నువ్వు చూసినవాట్లోనే మంచి జత ఉంది, నువ్వు గమనించావో లేదో. నైంటీస్‌లో శివాజీ, కోర్ట్‌లో శివాజీ. ఒకటి 2024 జనవరి, ఇంకోటి 2025 మార్చి, మధ్యలో ఏడాది పైన రెండు నెలలు. రెండింట్లో ఆయన చేసే పని పైకి చూస్తే ఒకటే, ఇంట్లో పిల్లల మీద పెత్తనం. ఒక చోట లెక్కల మాస్టారు, మార్కులు, ఖర్చులు, ఉప్మా, ప్రతి రూపాయీ లెక్క. ఇంకో చోట మంగపతి, ఇంటి పరువు, ఆడపిల్ల బట్టలు, ఎవడితో మాట్లాడింది, ఎందుకు మాట్లాడింది. గెటప్‌లో ఏముంది, చొక్కా మారింది, మీసం కొంచెం అటూ ఇటూ, గంతే. కానీ మాస్టారిని చూసి మనం నవ్వుకుంటాం, మా నాన్న కూడా ఇంతే అనుకుంటాం, మంగపతి గదిలోకి వస్తే మనకే లేచి నిలబడాలనిపిస్తుంది.

తేడా ఎక్కడుందో చూద్దామని రెండూ పక్కపక్కన పెట్టి సౌండ్ తీసేసి చూశా, వృత్తి రోగం అనుకో. మాస్టారు పిల్లలు చెప్పేది వినేటప్పుడు మధ్యలో ఎక్కడో చూపు పక్కకి పోతుంది, కొడుకు అడిగేది న్యాయమే అని ఆయనకి తెలుసు, జేబు కూడా తెలుసు, రెండూ ఒకేసారి తెలిసినోడి చూపు అది. మంగపతి విననే వినడు. ఎదుటివాళ్ళు నోరు విప్పేలోపే తీర్పు అయిపోయింది, వాళ్ళు చెప్పేది అయిపోయేదాకా ఓపిక పడుతున్నాడంతే, చూపు కదలదు. ఒకే మనిషి, ఒకే రకం కోపం, ఒకడు వింటాడు ఒకడు వినడు. ఇంకేం కావాలి రేంజ్ అంటే? ఇంకో మాట, ఈయన గొంతు మా లైన్‌లో కొత్తదేం కాదు, జయంలో నితిన్‌కి డబ్బింగ్ చెప్పింది శివాజీయే. ఒకప్పుడు హీరోగా చేసినప్పుడు ఇవన్నీ ఎవరూ అడగలేదు ఆయన్ని, అందుకని మనకీ తెలియలేదు. చాలామంది విషయంలో రేంజ్ లేకపోవడం కాదు, అడిగేవాడు లేకపోవడం.

ప్రియదర్శి కూడా అంతే కదా. పెళ్ళిచూపులు (2016)లో ఫ్రెండ్ వేషం, జనం థియేటర్లో పడిపడి నవ్వారు, అక్కడి నుంచి ఇట్లాంటి కమెడియన్ వేషాలే వరసగా వచ్చుండేవి, కానీ మూడేళ్ళకి మల్లేశం, చేనేత మగ్గం ముందు కూర్చున్న మనిషి, తర్వాత బలగం, ఇప్పుడు కోర్ట్‌లో లాయర్. కోర్ట్‌లో అతని సీన్లు మళ్ళీ చూడు, క్లైమాక్స్ వాదనలు కాదు, అవి ఎవడైనా బాగానే చెప్తాడు రైటింగ్ అట్లాంటిది, దానికి ముందు సీనియర్ ముందు కూర్చుని మాట పడే సీన్లు చూడు.

ఇక కోట శ్రీనివాసరావు గారి దగ్గరికి రాకుండా ఈ టాపిక్ నడవదు. 2025 జూలైలో ఆయన పోయాక మా ఇంట్లో వారం రోజులు ఆయన సినిమాలే. ప్రతిఘటన 1985, అహ నా పెళ్ళంట 1987. రెండేళ్ళు! ఒకదాంట్లో చూస్తే ఒళ్ళు జలదరించే కాశయ్య, ఇంకోదాంట్లో కోడిని తాడుతో వేలాడదీసి దాన్ని చూస్తూ ఉత్తన్నం తినే లక్ష్మీపతి. ఆ కోడి సీన్ అందరికీ కంఠతా వచ్చు గానీ ఒక్కసారి ఆయన చెయ్యి చూడండి, ముద్ద కలపడం, నోట్లో పెట్టుకోవడం, నమలడం, నిజంగా కోడికూరతో తింటున్నోడి తిండి అది. పిసినారిని చూసి నవ్వండి అని ఎక్కడా అడగడు, ఆ మనిషికి అది భోజనం, సీరియస్‌గా తింటున్నాడు. నవ్వించాలని ఒక్క కనుబొమ్మ ఎగరేసినా సీన్ పోయేది. కంకిపాడులో పుట్టి, బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూ నాటకాలు ఆడిన మనిషి, గాయంలో తెలంగాణ యాస మాట్లాడితే ఇక్కడోళ్ళు కూడా మనోడే అనుకున్నారు. ఆ రోజుల్లో మన యాస అంటే విలన్‌కి, రౌడీకి, కమెడియన్‌కి పెట్టే సరుకు, హీరో మాత్రం అటువైపు భాష మాట్లాడేవాడు, అది నాకు ఇప్పటికీ మంటే, కానీ అది రాసినోళ్ళ మీద మంట, కోట గారి మీద కాదు.

ఆ సీన్లో ఇంకో మొహం ఉంది. పక్కన బ్రహ్మానందం, అరగుండు. ఆ సినిమాలో ఆయన పనంతా వినడమే! తిట్లు వినాలి, పిసినారి లాజిక్ వినాలి, మింగాలి. ఆ వినడం మీదే ఆయన కెరీర్ లేచింది, మీమ్స్ అన్నీ చూడు, సగానికి సగం ఆయన ఏమీ మాట్లాడని ఫ్రేములే. అదే మనిషి 36 ఏళ్ళ తర్వాత రంగమార్తాండ (2023)లో హాస్పిటల్ బెడ్ మీద ఉంటే నేను చూసిన థియేటర్లో ముందు వరసలో కుర్రాళ్ళు ఆయన కనపడగానే అలవాటు కొద్దీ నవ్వారు మొదట్లో, ఇంటర్వెల్ తర్వాత ఆ సీన్ వచ్చేసరికి పాప్‌కార్న్ కవర్ చప్పుడు కూడా లేదు. కొత్తగా ఏం నేర్చుకోలేదాయన, ఉన్న విద్యనే ఇంకో వైపు తిప్పాడు అనిపించింది నాకు.

పాతవాళ్ళ గురించి మొదలుపెడితే ఆగను గానీ ఒక్కటి చెప్పి వదిలేస్తా. మాయాబజార్ (1957)లో మాయా శశిరేఖ. అంటే కథ ప్రకారం అక్కడున్నది శశిరేఖ వేషంలో ఉన్న ఘటోత్కచుడు. సావిత్రి చేయాల్సింది ఏంటి? ఎస్వీ రంగారావు అనే పర్వతం తన ఒంట్లో దూరి, శశిరేఖలా సిగ్గుపడడానికి తంటాలు పడుతున్నట్టు చేయాలి. ఎవరూ లేనప్పుడు ఆ నడక, ఆ భుజాలు రంగారావువి, ఎవరో వస్తున్నారనగానే తల వంగిపోతుంది. చిరునవ్వు కూడా ఆడపిల్ల నవ్వు కాదు, ఆడపిల్లలా నవ్వాలి అని గుర్తు తెచ్చుకున్నోడి నవ్వు. మీసం పెట్టలేదు, గద ఇవ్వలేదు. నాలుగేళ్ళ ముందే దేవదాసులో పార్వతి చేసిన మనిషి. గెటప్పులే రేంజ్ అనేవాళ్ళకి నేను ఇదే చూపిస్తా. అట్లని గెటప్పుల్ని తీసిపారేయట్లేదు, దశావతారం (2008)లో కమల్ పది వేషాలు వేస్తే తెలుగులో వాటిల్లో చాలావాటికి బాలు గారు గొంతు మార్చి మార్చి చెప్పారు, అది మా డబ్బింగ్ వాళ్ళకి పెద్ద పాఠం. కానీ కమల్ గొప్పోడని నాకు తెలిసింది సాగర సంగమంలో, అక్కడ రబ్బరు మొహం లేదు.

సరే నీ రూమ్‌మేట్ మాటకి వద్దాం. మలయాళం వాళ్ళు బాగా చేస్తారు, ఒప్పుకుంటా, నేనూ చూస్తా. కానీ కారణం రక్తంలో లేదు, సెట్‌లో ఉంది. మన దగ్గర చాలా సెట్లలో ప్రాంప్టింగ్ నడుస్తుంది. భాష రాని ఆర్టిస్ట్ అయితే అసిస్టెంట్ డైరెక్టర్ కెమెరా పక్కన నిలబడి డైలాగ్ ముక్కముక్కగా అరుస్తాడు, ఈయన దాన్ని అందుకుని పెదాలు కదుపుతాడు. భాష వచ్చినోళ్ళు కూడా కొందరు, రాత్రి పేపర్ అందింది, పొద్దున షూటింగ్, ఏం చేస్తారు. ఆ పైలట్ ట్రాక్, అంటే షూటింగ్‌లో రికార్డయిన సౌండ్, వింటే నీకు నవ్వొస్తుంది, హీరోయిన్ కన్నీళ్ళు పెట్టుకునే సీన్‌లో వెనక నుంచి ఎవరో మగ గొంతు "నువ్వు లేకపోతే నేను... నేను బతకలేను..." అని అందిస్తుంటుంది. సరదాగా ఉంటుంది గానీ అసలు నష్టం గొంతుది కాదు, గొంతు మేము మార్చేస్తాం. చెవి ఎటుందో చూడు. ఆ మనిషి చెవి ప్రాంప్టర్ వైపు ఉంది, ఎదురుగా ఉన్న ఆర్టిస్ట్ వైపు లేదు. వినాల్సిన టైంలో తన తర్వాతి ముక్క కోసం ఎదురుచూస్తోంది. కళ్ళల్లో తెలిసిపోద్ది, చిన్న బెదురు ఒకటి ఉంటుంది. దాన్ని ఏ డబ్బింగూ సరిచేయలేదు.

దీనికి ఎదురు ఒకటి చెప్తా, నాకు బాగా గుర్తుండిపోయింది. ఆరేడేళ్ళ కింద ఒక చిన్న సినిమా, పేరు వద్దు. కానిస్టేబుల్ వేషం వేసినాయన ఒకే ఒక్క బిట్ చెప్పడానికి వచ్చాడు, రెండు మాటలు, "లేదు సార్" అంతే. నాటకాల మనిషి, యాభై దాటి ఉంటాయి, చెప్పులు గది బయట విప్పి లోపలికొచ్చాడు. నేను అలవాటు ప్రకారం బిట్ సరిగ్గా ఆయన పెదాలు కదిలే దగ్గర నుంచి వేశా. చెప్పాడు. సింక్ కరెక్ట్, మాట కరెక్ట్, డైరెక్టర్ అసిస్టెంట్ ఓకే అనేశాడు. ఈయన హెడ్‌ఫోన్ తీయలేదు. "సార్, కొంచెం ముందు నుంచి వేస్తారా, ఎస్సై గారు ఏమన్నారో వినాలి" అన్నాడు. పది సెకన్లు వెనక్కి జరిపి ఎస్సై డైలాగ్‌తో సహా వేశా. ఎస్సై గట్టిగా అడుగుతాడు, ఈయన ఒక్క క్షణం ఆగి, చిన్నగా ముక్కుతో గాలి వదిలి, "లేదు సార్" అన్నాడు. అంతకుముందు చెప్పింది సమాధానం, ఇది అబద్ధం. వినగానే తెలిసిపోయింది ఈ కానిస్టేబుల్‌కి ఏదో తెలుసు, దాస్తున్నాడు అని. ఆ రోజు నుంచి ఎవరొచ్చినా, అడిగినా అడక్కపోయినా ముందు డైలాగ్ నుంచే బిట్ వేస్తున్నా, టైం ఎక్కువ పడుతుందని ప్రొడక్షన్ వాళ్ళు గొణుగుతారు, గొణగనీ.

ఇక్కడ ఇంకో చిక్కు కూడా ఉంది, రేంజ్ గురించి వాదించేటప్పుడు జనం మర్చిపోతారు. మన సినిమాల్లో చాలాసార్లు నువ్వు చూస్తున్నది ఒకరిని, వింటున్నది ఇంకొకరిని. ఉప్పెనలో విజయ్ సేతుపతి వేసిన రాయనం వేషం చూసి అబ్బా ఏం భయపెట్టాడ్రా అంటే, అందులో సగం బొమ్మాళి రవిశంకర్ గారి భయం. అరుంధతిలో సోనూ సూద్‌కీ ఆయనే కదా. ఏ మాయ చేసావేలో సమంతకి చిన్మయి. వాళ్ళని తక్కువ చేయట్లేదు, మొహం వాళ్ళు మోశారు. కానీ మార్కులు వేసేటప్పుడు రెండు పేపర్లు ఉన్నాయని గుర్తుండాలి. సాయిపల్లవి తెలుగుది కాకపోయినా ఫిదా (2017)లో బాన్సువాడ భానుమతికి తనే చెప్పుకుంది, ఊపిరితో సహా తనదే, అందుకే తనకి నా దగ్గర మార్కులు కొంచెం ఎక్కువే పడతాయి. దుల్కర్ కూడా తెలుగులో తనే చెప్పుకుంటాడు, లక్కీ భాస్కర్‌లో ఇంట్లో ఒక గొంతు, బ్యాంకులో ఒక గొంతు, డబ్బు వచ్చాక మూడోది.

నాని గురించి నువ్వు ప్రత్యేకంగా అడిగావు. జెర్సీలో అందరూ రైల్వే స్టేషన్ సీన్ చెప్తారు, రంజీకి సెలెక్ట్ అయ్యాక ప్లాట్‌ఫాం మీద నిలబడి, రైలు వచ్చేదాకా ఆగి, ఆ చప్పుడులో అరుస్తాడు చూడు. బాగుంటుంది, నేనూ ఏడ్చా. కానీ నాకైతే అంతకంటే కొడుకు జెర్సీ కావాలని అడిగే దగ్గర నాని మొహం ఎక్కువ. ఐదొందల రూపాయలు. పిల్లాడు మామూలుగా అడుగుతాడు, వీడు మామూలుగా వింటున్నట్టు నటించాలి, లోపల మాత్రం జేబులు తడుముకుంటున్నాడు. యాక్టింగ్ లోపల ఇంకో యాక్టింగ్ అన్నమాట. దసరా (2023)లో మసి, యాస, కల్లు, అన్నీ ఉన్నాయి, కష్టపడ్డాడు, మస్తు చేశాడు, కానీ రేంజ్‌కి రుజువు ఏది అంటే నేను శుభ్రంగా గడ్డం గీసుకున్న సీన్ ఏదో ఒకటి వెతుక్కుంటా.

అయినా రేంజ్ లేకపోతే తప్పేం కాదు, ఇది కూడా అనాలి. సూర్యకాంతం గారు జీవితమంతా దాదాపు ఒకటే గయ్యాళి అత్త. ఎవరికైనా విసుగొచ్చిందా? ఆడపిల్లలకి ఆ పేరు పెట్టడానికి జనం జంకారంటారు, ఇంతకంటే అవార్డు ఏముంటది. ఒకే బావి, కానీ లోతుది. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో పొద్దున షోకి వెళ్ళి హీరో ఎంట్రీకి కాగితాలు ఎగరేసేటప్పుడు నేనూ రేంజ్ గురించి ఆలోచించను, ఈల వేస్తా. మన హీరోల మీద మొదటి రోజు కలెక్షన్ బరువు ఉంది, ఆ బరువుతో ఒక నడివయసు లెక్కల మాస్టారి వేషం వేయమంటే ఎవడు వేస్తాడు, మలయాళంలో బడ్జెట్లు చిన్నవి, పోయినా తట్టుకుంటారు కాబట్టి మమ్ముట్టి లాంటి పెద్ద స్టార్ 2023 నవంబర్లో కాథల్‌లో గే మనిషి వేషం, మూడు నెలలు తిరగకుండా 2024 ఫిబ్రవరిలో భ్రమయుగంలో ముసలి మాంత్రికుడి వేషం చేయగలిగాడు. ఆ ధైర్యం విషయంలో మాత్రం నీ రూమ్‌మేట్ చెప్పింది కరెక్టే.

ఇప్పుడు నీ రూమ్‌మేట్‌కి ఒక పని చెప్పు. భ్రమయుగంలో ఆ పాటగాడు పోట్టి ముందు కూర్చుని పాడతాడు కదా, మమ్ముట్టి వింటుంటాడు. ఆ వినడం ఒకసారి మళ్ళీ చూడమను. చూశాక స్వాతికిరణం పెట్టు, 1992, విశ్వనాథ్ గారిది, అదే మమ్ముట్టి, తెలుగు డైలాగులు ఆయనే సొంతంగా చెప్పుకున్నాడు. అనంతరామశర్మ పెద్ద గాయకుడు, ఎదురుగా ఒక చిన్న పిల్లాడు పాడుతున్నాడు, వాణీ జయరాం గారి గొంతు. పిల్లాడు తనకంటే బాగా పాడుతున్నాడని ఈయనకి మొదటి పల్లవిలోనే తెలిసిపోయింది, అందరి ముందూ తల ఊపాలి, మెచ్చుకోవాలి, లోపల కుళ్ళిపోతోంది. పిల్లాడి మీద నుంచి కళ్ళు తీసేసి ఆ గురువు గారి మొహమే చూడండి, పాట అయిపోయేదాకా.